తప్పు చేయనివాడి బాధ్యత

కెన్నీ డాల్‌గ్లీష్ పేరును లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ తన కొత్త మేనేజరుగా ప్రకటించింది 1985 మే 30న. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు, ఇంకా ఫార్వర్డ్‌గా ఆడుతూనే ఉన్నాడు. ముందు రోజు సాయంత్రం బ్రస్సెల్స్‌లోని హైసెల్ స్టేడియంలో యువెంటస్‌తో యూరోపియన్ కప్ ఫైనల్ మొదలవబోతుండగా లివర్‌పూల్ అభిమానుల గుంపు ఒకటి పక్క గ్యాలరీలోని ప్రేక్షకుల మీదికి ఉరికింది. వెనక్కి జరిగినవాళ్లు ఒకరిమీద ఒకరు పడ్డారు, గోడ కూలింది, 39 మంది చనిపోయారు. నాలుగేళ్లకు, 1989 ఏప్రిల్ 15న, షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో ఇంకా పెద్ద ఘోరం జరిగింది. ఈసారి పోయినవాళ్లు లివర్‌పూల్ అభిమానులు. ఆ లెక్క 97 దగ్గర ఆగడానికి ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది. ఈ రెండింటిలోనూ డాల్‌గ్లీష్ తప్పు ఇసుమంతైనా లేదు. అయినా హిల్స్‌బరో బరువు మాత్రం ఆయన మీద పడింది, ఆయన మోశాడు, చివరికి ఆ బరువే ఆయన్ను ఉద్యోగం వదిలేలా చేసింది. తప్పు చేయనివాడికి బాధ్యత ఎక్కడి నుంచి వస్తుంది, అది ఎంతవరకు ఉంటుంది అన్న ప్రశ్న నీతిశాస్త్రంలో పాతది. ఆ ప్రశ్న ఇంత స్పష్టంగా కనిపించే జీవితాలు తక్కువ.

డాల్‌గ్లీష్ 1951 మార్చి 4న గ్లాస్గోలో పుట్టాడు. ప్రొటెస్టెంట్ కుటుంబం, ఇంటిల్లిపాదీ రేంజర్స్ అభిమానులు. కొంతకాలం ఉన్న ఇల్లు కూడా రేంజర్స్ మైదానం ఐబ్రాక్స్‌కు దగ్గరే. ఆ నగరంలో ఫుట్‌బాల్ క్లబ్ ఏదో తెలిస్తే మతం ఏదో చెప్పేయవచ్చు. ఐర్లండ్ నుంచి వలస వచ్చిన పేదల పిల్లలకు తిండి పెట్టడానికి నిధులు కావాలని వాల్‌ఫ్రిడ్ అనే కాథలిక్ మతసోదరుడు 1887లో సెల్టిక్ క్లబ్‌ను మొదలుపెట్టాడు. రేంజర్స్ ప్రొటెస్టెంట్లది, పేరున్న కాథలిక్ ఆటగాణ్ని ఆ క్లబ్ బాహాటంగా తీసుకున్నది 1989 జులైలో మాత్రమే, అదీ పెద్ద గొడవ మధ్య. సెల్టిక్ తరఫున కుర్రవాణ్ని అడగడానికి ఆ క్లబ్ మనిషి ఇంటికి వస్తుంటే, గోడల మీది రేంజర్స్ బొమ్మలు తీసేయడానికి డాల్‌గ్లీష్ పరుగెత్తాడన్న కథ స్కాట్లండ్‌లో అందరూ చెప్పుకుంటారు. 1967లో ఆయన సెల్టిక్‌లోనే చేరాడు. అక్కడి మేనేజర్ జాక్ స్టీన్ కూడా ప్రొటెస్టెంటే. ఆ ఏడే సెల్టిక్ యూరోపియన్ కప్ గెలిచింది. బ్రిటన్ నుంచి ఆ కప్పు గెలిచిన మొదటి క్లబ్ అదే. ఒక మతం వాడుగా పుట్టి, మరో మతం వాళ్ల జట్టుకు ఆడి, వాళ్ల ప్రేమను సంపాదించుకున్న కుర్రవాడికి దుఃఖంలో ఉన్న ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు ఆ ఇల్లు ఏ చర్చికి వెళుతుందో అడగాల్సిన పని ఉండదు. ఇరవై రెండేళ్ల తర్వాత ఈ అలవాటు లివర్‌పూల్‌లో అక్కరకు వచ్చింది.

ఇంకో అనుభవమూ అక్కడే మొదలైంది. 1971 జనవరి 2న ఐబ్రాక్స్‌లో రేంజర్స్, సెల్టిక్ మ్యాచ్ ముగిశాక, బయటికి వెళ్లే మెట్ల మీద జనం కూలబడి 66 మంది చనిపోయారు. ఆడకపోయినా డాల్‌గ్లీష్ ఆ రోజు స్టేడియంలోనే ఉన్నాడు. ఐబ్రాక్స్, హైసెల్, హిల్స్‌బరో: మైదానంలో జరిగిన మూడు సామూహిక మరణాల దగ్గర ఉన్న మనిషి ఆయన.

ఆటగాడిగా ఆయన స్థాయి గురించి వాదన లేదు. సెల్టిక్‌కు 167 గోల్స్ చేశాక, 1977 ఆగస్టులో లివర్‌పూల్ ఆయన్ను 4,40,000 పౌండ్లకు కొన్నది. బ్రిటిష్ క్లబ్బుల మధ్య అప్పటికి అదే రికార్డు ధర. 1978లో వెంబ్లీలో బ్రూజ్ మీద యూరోపియన్ కప్ గెలిపించిన ఏకైక గోల్ ఆయనదే. లివర్‌పూల్‌కు 515 మ్యాచ్‌ల్లో 172 గోల్స్, స్కాట్లండ్‌కు 102 మ్యాచ్‌ల్లో 30. వేగంతో గెలిచిన ఫార్వర్డ్ కాదు. డిఫెండరుకు వీపు ఆనించి, బంతిని అదిమిపెట్టి, పక్కవాడు ఎక్కడికి పరుగెత్తబోతున్నాడో ముందే పసిగట్టేవాడు. మేనేజరైన మొదటి సీజన్‌లోనే, 1986 మే 3న, చెల్సీ మైదానంలో లీగ్ గెలిపించిన గోల్ తానే కొట్టాడు. వారం రోజులకు ఎఫ్.ఏ. కప్ కూడా వచ్చింది. 1988లో మళ్లీ లీగ్.

1989 ఏప్రిల్ 15న నాటింగ్‌హమ్ ఫారెస్ట్‌తో ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్. లివర్‌పూల్ వాళ్లకు కేటాయించిన వైపు నిలబడి చూసే గ్యాలరీని ఇనుప కంచెలతో అరలు అరలుగా విభజించారు. ముందు కూడా కంచె, మైదానంలోకి రాకుండా. బయట గేట్ల దగ్గర జనం పెరిగిపోవడంతో 2 గంటల 52 నిమిషాలకు పోలీసులు ఒక పెద్ద గేటు తెరిపించారు. లోపలికి వచ్చిన సుమారు 2,000 మందిలో చాలామందికి ఎదురుగా కనిపించింది మధ్య అరలకు వెళ్లే సొరంగమార్గం ఒక్కటే. ఆ అరలు అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. పక్క అరల్లో చోటు ఉంది కాని అటు మళ్లించేవారు లేరు. 3 గంటలకు ఆట మొదలైంది, 3 గంటల 6 నిమిషాలకు ఆగింది. ముందున్నవాళ్లు నిలబడినచోటే ఊపిరాడక చనిపోతున్నారు. ఆ రోజు 94 మంది పోయారు, నాలుగు రోజులకు ఇంకొకరు. అందరికంటే చిన్నవాడికి పదేళ్లు. డాల్‌గ్లీష్ కొడుకు కూడా ఆ మధ్యాహ్నం స్టేడియంలోనే ఉన్నాడు. అతనికి ఏమీ కాలేదు. జనాన్ని శాంతంగా ఉండమని లౌడ్‌స్పీకరులో అడగాల్సిన పని కూడా డాల్‌గ్లీష్ మీదే పడింది. మేనేజరు చేయాల్సిన పని కాదది. కాని ఆ నిమిషంలో ఆ జనం నమ్మే గొంతు ఇంకొకటి లేదు.

మరునాడు ఆదివారం సాయంత్రం లివర్‌పూల్ కాథలిక్ కెథెడ్రల్‌లో మృతుల కోసం పూజ జరిగింది. గోల్‌కీపర్ బ్రూస్ గ్రోబెలార్ బైబిలు పాఠం చదివాడు, లోపల చోటులేక వేలమంది బయటే నిలబడ్డారు. క్లబ్ తన యాన్‌ఫీల్డ్ మైదానం గేట్లు తెరిచింది. జనం పూలు తెచ్చి గోల్‌పోస్టు దగ్గర మొదలుపెట్టి పేర్చుకుంటూ పోతే, వారం తిరిగేసరికి అవి మైదానం సగం దాటాయి. డాల్‌గ్లీష్, భార్య మెరీనా, ఆటగాళ్లు, వాళ్ల భార్యలు రోజూ అక్కడే ఉన్నారు. వచ్చిన కుటుంబాలకు టీ ఇచ్చారు, కూర్చోబెట్టారు, వాళ్లు మాట్లాడితే విన్నారు. షెఫీల్డ్ ఆసుపత్రులకు వెళ్లి స్పృహలేని పిల్లల మంచాల పక్కన కూర్చున్నారు. తర్వాత అంత్యక్రియలు మొదలయ్యాయి. ఏ ఇంటి అంత్యక్రియలకూ క్లబ్ మనిషి లేకుండా పోకూడదని డాల్‌గ్లీష్ పట్టుబట్టాడు. ఒకే రోజు నాలుగింటికి తానే వెళ్లిన సందర్భం ఉంది.

లివర్‌పూల్ కూడా ఒకప్పుడు గ్లాస్గోలాగే మతకలహాల ఊరు. పందొమ్మిదో శతాబ్దంలో ఐరిష్ కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ అక్కడ వీధుల్లోనే కొట్లాటలు జరిగేవి. ఆ వేడి 1980ల నాటికి చాలావరకు చల్లారింది. అందులో ఇద్దరు మతపెద్దల పాత్ర పెద్దది: కాథలిక్ ఆర్చిబిషప్ డెరెక్ వార్‌లాక్, ఆంగ్లికన్ బిషప్ డేవిడ్ షెపర్డ్. షెపర్డ్ ఇంగ్లండ్‌కు టెస్ట్ క్రికెట్ ఆడి, కెప్టెన్సీ కూడా చేసినవాడు. వీళ్లిద్దరూ ఏళ్ల తరబడి ఊరి కష్టాల్లో కలిసే కనిపించారు. అందుకే 1989 ఏప్రిల్‌లో ఏ చర్చిలో ఎవరి శవపేటిక అన్న లెక్క లేకుండా దుఃఖం ఊరందరిదీ అయింది. అదే ఊరి ప్రత్యర్థి క్లబ్ ఎవర్టన్ నీలి కండువాలు లివర్‌పూల్ ఎర్ర కండువాలతో ముడిపడి యాన్‌ఫీల్డ్‌లో వేలాడాయి.

మతం అక్కడ చేసిన పని ఏమిటో జాగ్రత్తగా చూడాలి. దేవుడు దీన్ని ఎందుకు జరగనిచ్చాడన్న ప్రశ్నకు జవాబు చెప్పడం దాని పని కాలేదు. బైబిలులోని యోబు గ్రంథం ఈ విషయంలో చాలా సూక్ష్మమైనది. పిల్లలూ ఆస్తీ ఆరోగ్యమూ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వస్తారు. ఏడు రోజులు అతని పక్కన నేలమీద ఒక్క మాటా లేకుండా కూర్చుంటారు. అంతవరకు వాళ్లు చేసింది సరైన పనే. నోరు తెరిచి, నీ బాధకు కారణం నీలోనే ఉందని వివరించబోయినప్పుడే వాళ్లు తప్పుతారు; గ్రంథం చివర దేవుడు మందలించేది వాళ్లనే. హిల్స్‌బరో విషయంలో ఈ తేడాకు మరింత విలువ ఉంది. అక్కడ మరణానికి కారణం విధి కాదు. గేటు, సొరంగం, కంచె, దారి మళ్లించని పోలీసు, అన్నీ మనుషుల పనులే. అలాంటి చావును దైవలీల అనడం ఓదార్పులా కనిపించినా, నిజానికి బాధ్యుల మీది నుంచి చూపు మళ్లించడమే అవుతుంది.

వివరించబోయి తప్పినవాళ్లు నిజంగానే ఉన్నారు. ఏప్రిల్ 19న ‘సన్’ పత్రిక నిజం అన్న శీర్షిక కింద, లివర్‌పూల్ అభిమానులు శవాల జేబులు కొట్టారని, సహాయం చేస్తున్న పోలీసులను కొట్టారని అచ్చేసింది. అంతా అబద్ధం. ఆ పత్రిక ఎడిటర్ తర్వాత ఫోన్ చేసి దీన్ని ఎలా సరిదిద్దాలని అడిగితే, అంతే పెద్ద అక్షరాలతో మేం అబద్ధమాడామని వేయమన్నట్టు డాల్‌గ్లీష్ రాసుకున్నాడు. ఎడిటర్ అది కుదరదన్నాడట. ఆ రోజు ఎదుటి జట్టు బెంచీ మీద ఉన్న ఫారెస్ట్ మేనేజర్ బ్రయాన్ క్లఫ్ కూడా ఒకప్పటి గొప్ప ఫార్వర్డే. 1994లో తన ఆత్మకథలో ఆయన నేరాన్ని లివర్‌పూల్ జనం మీదికే నెట్టాడు. కొన్నేళ్లకు తనకు తప్పుడు సమాచారం అందిందని ఒప్పుకున్నాడు. ఒకే వృత్తి, ఒకే మైదానం, ఒకే మధ్యాహ్నం: ఒకరు పక్కన కూర్చున్నారు, మరొకరు వివరణ ఇచ్చారు.

ఇక అసలు ప్రశ్న. జర్మన్ తత్వవేత్త కార్ల్ యాస్పర్స్ రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే హైడెల్‌బర్గ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో అపరాధాన్ని నాలుగు రకాలుగా విడదీశాడు. చట్టాన్ని మీరిన నేరానికి తీర్పరి కోర్టు. రాజ్యం చేసిన పనుల్లో పౌరుడికి వచ్చే వాటా రాజకీయ అపరాధం. సొంత చేతలకు అంతరాత్మ అడిగే లెక్క నైతిక అపరాధం. నాలుగోది వీటన్నిటికంటే లోతైనది: పక్కనే మనుషులు చనిపోతుంటే తాను బతికి ఉండటమే మనసును కోసే స్థితి. దానికి తీర్పరి దేవుడొక్కడే అన్నాడు యాస్పర్స్. డాల్‌గ్లీష్‌కు మొదటి మూడూ వర్తించవు. నాలుగోది కొంత దగ్గరగా వస్తుంది, ముఖ్యంగా తన కొడుకు ఇంటికి తిరిగివచ్చి ఇతరుల కొడుకులు రాని ఆ రాత్రి. కాని అది కూడా పూర్తిగా సరిపోదు. బతికినందుకు సిగ్గుపడటం ఒక స్థితి. నాలుగో అంత్యక్రియలకు నల్ల టై సర్దుకుని బయల్దేరడం పని. ఆ స్థితి నుంచి ఈ పని తప్పనిసరిగా పుట్టదు.

బ్రిటిష్ తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ 1976లో చర్చకు పెట్టిన ఉదాహరణ ఇంకొకటి ఉంది. తన తప్పేమీ లేకుండా ఒక లారీ డ్రైవర్ బండి కింద పిల్లవాడు పడి చనిపోతాడు. చుట్టూ ఉన్నవాళ్లు నీ తప్పు లేదని డ్రైవర్‌కు చెబుతారు, చెప్పాలి కూడా. అయినా అతను ఆ మాట విని వెంటనే తేలికపడిపోతే అతనిలో ఏదో లోపం ఉందనిపిస్తుంది. విలియమ్స్ పరిశీలన నిజం. అయితే హిల్స్‌బరోలో డాల్‌గ్లీష్ ఆ డ్రైవర్ కూడా కాడు. గేటు తెరిచింది ఆయన కాదు, అరలు కట్టింది ఆయన కాదు. వచ్చినవాళ్లు ఆయన జట్టును చూడటానికి వచ్చారు, అంతే సంబంధం. యూరోపియన్ నీతిశాస్త్రం బాధ్యతను ఎక్కువగా చేత నుంచి, అపరాధం నుంచి తీయాలని చూస్తుంది. చేతా అపరాధమూ రెండూ లేని చోట దాని తీగ తెగిపోతుంది.

భారతీయ ఆలోచనలో ఇందుకు వేరే దారి ఉంది. తైత్తిరీయ సంహిత ప్రకారం బ్రాహ్మణుడు పుట్టడమే మూడు ఋణాలతో పుడతాడు: ఋషులకు, దేవతలకు, పితృదేవతలకు. అతను చేసిన పాపం ఏమీ లేదు. తనకంటే ముందు ఇతరులు ఇచ్చినది తీసుకుని బతుకుతున్నాడు కాబట్టి తీర్చాల్సింది ఉంది. అపరాధానికి శిక్షో ప్రాయశ్చిత్తమో ఉంటుంది. ఋణానికి తీర్చడం ఒక్కటే ఉంటుంది. డాల్‌గ్లీష్ నడతకు ఈ భావన సరిగ్గా సరిపోతుంది. పన్నెండేళ్లుగా ప్రతి వారం డబ్బు పెట్టి, వానలో నిలబడి, పాటలు పాడి, ఆయన పేరును ఆ ఊరి పేరుగా చేసినవాళ్లు ఆ జనం. వాళ్ల ఇంట చావు వస్తే పరామర్శకు వెళ్లడం అప్పు తీర్చడమే. తానేదో గొప్ప త్యాగం చేశానని ఆయన ఎన్నడూ చెప్పుకోకపోవడానికీ కారణం ఇదే అనిపిస్తుంది. అప్పు తీర్చేవాడు దాత కాడు.

ఈ ఋణంలో ఆట కూడా భాగమా అన్నది వెంటనే వచ్చిన చిక్కు. కప్ పోటీ కొనసాగాలని ఫుట్‌బాల్ అసోసియేషన్ కోరింది. మైదానం నిండా పూలున్నప్పుడు బంతి ఆడటం మర్యాదేనా? క్లబ్ తొందరపడలేదు, ముందుగా కుటుంబాల మాట విన్నది. వాళ్లలో ఎక్కువమంది ఆడమనే అన్నారు. మొదట ఏప్రిల్ 30న గ్లాస్గోలో, డాల్‌గ్లీష్ పాత క్లబ్ సెల్టిక్‌తో, బాధితుల నిధి కోసం మ్యాచ్ పెట్టారు. దాదాపు 60 వేల మంది వచ్చారు. డాల్‌గ్లీష్ తానే బరిలోకి దిగాడు. మే 7న సెమీఫైనల్ మళ్లీ ఆడి గెలిచారు. మే 20న ఫైనల్‌లో ఎవర్టన్ మీద 3-2తో కప్ వచ్చింది. మే 26న లివర్‌పూల్‌తో లీగ్ చివరి మ్యాచ్‌లో ఆర్సెనల్‌కు రెండు గోల్స్ తేడాతో గెలుపు కావాలి. ఆట ముగిసే క్షణాల్లో ఆ రెండో గోల్ పడి, పాయింట్లూ గోల్స్ తేడా సమానమై, ఎక్కువ గోల్స్ కొట్టిన లెక్కన టైటిల్ ఆర్సెనల్‌కు పోయింది. మామూలు ఏడాదైతే అది క్లబ్ చరిత్రలోకెల్లా చేదు ఓటమి. ఆ ఏడు మాత్రం ఓటమికి ఓటమి పరిమాణమే మిగిలింది.

మరుసటి సీజన్‌లో, 1990లో, లీగ్ మళ్లీ గెలిచారు. లోపల మనిషి మాత్రం అరిగిపోతున్నాడు. ఒంటి మీద దద్దుర్లు లేచేవి, ఇంజెక్షన్లు తీసుకోవాల్సి వచ్చేది, చిన్న నిర్ణయం కూడా తెగేది కాదు. 1991 ఫిబ్రవరి 20న ఎవర్టన్‌తో కప్ మ్యాచ్‌లో లివర్‌పూల్ నాలుగుసార్లు ముందంజ వేసి నాలుగుసార్లూ జారవిడుచుకుంది, 4-4. రెండు రోజులకు డాల్‌గ్లీష్ రాజీనామా చేశాడు. అప్పటికి జట్టు లీగ్ పట్టికలో మొదటి స్థానంలో ఉంది. బయటివాళ్లకు అది అంతుపట్టలేదు. మధ్యలో వదిలేశాడని కొందరు నిష్ఠూరమాడారు.

మహాభారతం శాంతిపర్వంలో ధర్మరాజు యుద్ధం గెలిచాక రాజ్యం వద్దు, అడవికి పోతానంటాడు. తమ్ముళ్లు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు అంతా కలిసి ఆపుతారు. దుఃఖం పేరుతో బాధ్యతను ముందే వదిలేయడం ధర్మం కాదన్నది వాళ్ల వాదన. డాల్‌గ్లీష్ వరస దీనికి తలకిందులు. పని ఉన్నప్పుడు ఉన్నాడు, దాదాపు రెండేళ్లు ఉన్నాడు, తన దుఃఖానికి చోటు ఇవ్వకుండా ఇతరుల దుఃఖాన్ని మోశాడు, ఆ తర్వాతే వెళ్లాడు. మూడు ఋణాలూ తీర్చాకే మనసును మోక్షం వైపు మళ్లించాలన్న మనుస్మృతి నియమంలో రెండు సగాలున్నాయి. తీర్చకుండా వెళ్లకూడదన్నది మొదటిది, అందరూ గుర్తుపెట్టుకునేది. తీర్చాక వెళ్లవచ్చన్న రెండోదాన్ని చాలామంది మరచిపోతారు. మోసేవాడు విరిగిపోయేదాకా మోయాలని ఏ ఋణమూ అడగదు. ఆ రాజీనామాను పారిపోవడం అన్నవాళ్లు తప్పుగా చూశారు.

తర్వాతి కథ వేగంగా నడిచింది. అదే ఏడు అక్టోబరులో రెండో డివిజన్‌లోని బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను చేపట్టి, 1992లో పై లీగ్‌కు తెచ్చి, 1995లో ప్రీమియర్ లీగ్ గెలిపించాడు. చివరి రోజు బ్లాక్‌బర్న్ ఓడినా మాంచెస్టర్ యునైటెడ్ గెలవకపోవడంతో టైటిల్ దక్కింది. ఆ ఓటమి యాన్‌ఫీల్డ్‌లోనే, లివర్‌పూల్ చేతిలోనే. పాత జనం ఆ రోజు ఆయన గెలుపుకు చప్పట్లు కొట్టారు. న్యూకాసిల్‌లో గడిపిన కాలం అంత వెలుగు తేలేదు. 2011 జనవరిలో లివర్‌పూల్ మళ్లీ పిలిచింది. 2012లో లీగ్ కప్ గెలిపించినా ఆ మే నెలలోనే క్లబ్ ఆయన్ను తప్పించింది.

పరామర్శ న్యాయానికి బదులు కాదన్న విషయం ఈలోగా బాధిత కుటుంబాలు ఒంటరిగా రుజువు చేసుకుంటూ వచ్చాయి. 1989లోనే న్యాయమూర్తి టేలర్ నివేదిక ప్రధాన కారణం పోలీసులు జనాన్ని అదుపు చేయలేకపోవడమేనని చెప్పింది. అయినా మరణ కారణాలపై జరిగిన మొదటి విచారణ 1991లో ప్రమాదవశాత్తు మరణం అని ముగిసింది. 2012 సెప్టెంబరులో స్వతంత్ర ప్యానెల్ లక్షల పేజీల పత్రాలు పరిశీలించి, 164 మంది పోలీసుల వాంగ్మూలాలను మార్చారని, చనిపోయినవారిలో 41 మంది బతికే అవకాశం ఉండేదని బయటపెట్టింది. ఆ ప్యానెల్ అధ్యక్షుడు లివర్‌పూల్ ఆంగ్లికన్ బిషప్ జేమ్స్ జోన్స్. యోబు స్నేహితులు తప్పిన చోట ఒక మతపెద్ద సరైన దారి పట్టాడు: దేవుడి తరఫున వివరణ ఇవ్వకుండా దస్తావేజులు చదివాడు. 2016 ఏప్రిల్ 26న వారింగ్టన్‌లో జ్యూరీ ఆ మరణాలు చట్టవిరుద్ధమైన హత్యలని, అభిమానుల ప్రవర్తన కారణం కాదని తేల్చింది.

అదే ఏడు సెప్టెంబరులో లివర్‌పూల్ నగరం తన అత్యున్నత గౌరవమైన నగర స్వేచ్ఛను అప్పటికి లెక్కలో ఉన్న 96 మంది మృతులకు ఇచ్చింది. వాళ్లతో పాటు బిషప్ జోన్స్‌కు, ఏళ్ల తరబడి ఆ కేసును తవ్విన నేరశాస్త్ర ఆచార్యుడు ఫిల్ స్క్రేటన్‌కు, కెన్నీ, మెరీనా డాల్‌గ్లీష్ దంపతులకు కూడా ఇచ్చింది. 2019లో ఆనాటి పోలీసు కమాండర్‌ను కోర్టు నిర్దోషిగా వదిలిపెట్టింది. గాయాలతో 32 ఏళ్లు బతికిన 97వ వ్యక్తి 2021 జులైలో చనిపోయాడు.